ఔట్‌రీచ్ అంటే ర్యాలీయేనా? కొత్త లైబ్రేరియన్‌కు ఒక జవాబు

మీరు అడిగింది ఇదీ: డిగ్రీ కాలేజీలో కొత్తగా లైబ్రేరియన్‌గా చేరారు. కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ బృందం వచ్చేలోగా ‘కమ్యూనిటీ ఔట్‌రీచ్’ కింద, అంటే కాలేజీ బయటి జనానికి పనికొచ్చేలా, ఏదైనా చేసి చూపించమని ప్రిన్సిపాల్ అన్నారు. చేతిలో డబ్బు లేదు. గ్రంథాలయ వారోత్సవాల ర్యాలీ కాకుండా ఇంకేం చేయొచ్చు? నేను ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చాలాకాలం ఇదే ఉద్యోగం చేశాను. మా దగ్గర ఏది నిలబడిందో చెప్తాను.

ముందు మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి బోర్డు మీద వేళలు చూసి రండి. మా ఊళ్లో అది పొద్దున 8 నుంచి 11 దాకా, మళ్లీ సాయంత్రం 4 నుంచి 7 దాకా ఉండేది. శుక్రవారం సెలవు. మరి డీఎస్సీకో, గ్రూప్-2కో, కానిస్టేబుల్ పరీక్షకో చదువుకునేవాళ్లు పదకొండింటికి బయటికొచ్చి నాలుగింటి దాకా ఎక్కడ కూర్చోవాలి? మా దగ్గర కొందరు బస్టాండులో, కొందరు గుడి అరుగు మీద కూర్చునేవాళ్లు. సరిగ్గా ఆ వేళకే మన పిల్లలు క్లాసుల్లో ఉంటారు, మన రీడింగ్ రూములో ఫ్యాన్లు ఖాళీ కుర్చీల మీద తిరుగుతుంటాయి. మేం చేసిందల్లా ఆ కుర్చీల్లో వాళ్లను కూర్చోబెట్టడమే. పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. వాళ్లకు కావలసింది బల్ల, వెలుతురు, మంచినీళ్లు, ఆ రోజు పేపర్లు, శుభ్రమైన బాత్రూము. ఆడపిల్లలకైతే చివరిది మరీ ముఖ్యం. అది లేకపోతే రెండో రోజు రారు.

అసలు చిక్కు పుస్తకాలతో కాదు, గేటుతో. ఐడీ కార్డు లేనివాణ్ని వాచ్‌మన్ లోపలికి రానివ్వడు. అతని తప్పు లేదు, రేపు ఏదైనా జరిగితే మాట పడేది అతనే. అందుకని నోటిమాట అనుమతులు నమ్ముకోకండి. లైబ్రరీ కమిటీ సమావేశం పెట్టించి, ‘బయటి పాఠకులకు ఫలానా వేళల్లో రీడింగ్ రూములో కూర్చునే వీలు మాత్రమే, పుస్తకాలు ఇంటికివ్వం’ అని తీర్మానం రాయించండి. ప్రిన్సిపాల్ సంతకంతో చిన్న అట్టముక్క కార్డులు చేయించి, ఒక నమూనా వాచ్‌మన్ గదిలో అంటించండి. మా ప్రిన్సిపాల్ మారినప్పుడు కొత్తాయన ‘ఎవరివ్వమన్నారు?’ అని అడిగారు. మినిట్స్ పుస్తకం తీసి చూపించాను, అంతటితో ఆ సంగతి అయిపోయింది. ఆధార్ జిరాక్సులు మాత్రం అడగొద్దు. వాటిని దాచడం మీకు తలనొప్పి, ఇవ్వడం వాళ్లకు అనుమానం. రిజిస్టరులో పేరు, ఊరు, సంతకం చాలు.

ఇంటర్నెట్ దగ్గర కూడా ఒక గీత గీసుకోవాలి. కాలేజీలకు ఈ-పుస్తకాలు, ఈ-జర్నళ్లు అందించే ఎన్-లిస్ట్ లాగిన్లు మన అధ్యాపకులకూ విద్యార్థులకూ ఇచ్చినవి. జాలిపడి బయటివాళ్లకు పాస్‌వర్డ్ చెప్పకండి, లైసెన్సు ఒప్పుకోదు. దాని బదులు ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఎవరైనా ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. పక్కన కూర్చుని ఒకసారి చేయించండి. చూపు సరిగా లేనివాళ్లు ఎవరైనా వస్తే ‘సుగమ్య పుస్తకాలయ’ గురించి చెప్పండి. మామూలు అచ్చు చదవలేనివాళ్ల కోసం నడిచే ఆన్‌లైన్ లైబ్రరీ అది. మన ఊళ్లలో దాని పేరు విన్నవాళ్లే తక్కువ.

పుస్తకాలు పల్లెలకు పంపాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. పాత పుస్తకాలు ఎటూ బూజు పడుతున్నాయి కదా, ఇచ్చేద్దాం అని ఎవరో ఒక లెక్చరర్ సలహా ఇస్తారు కూడా. కానీ యాక్సెషన్ నంబరు (స్టాక్ రిజిస్టరులో వేసే వరుస సంఖ్య) పడ్డ ప్రతి పుస్తకం కాలేజీ ఆస్తి. లెక్కల్లోంచి తీసేసే రైటాఫ్ ఉత్తర్వు లేకుండా ఒక్కటి బయటికి పోయినా స్టాక్ వెరిఫికేషన్‌లో మీ మెడకే చుట్టుకుంటుంది. మేం వేరే దారి పట్టాం. అధ్యాపకులూ పాత విద్యార్థులూ ఇచ్చిన పుస్తకాలను స్టాకులోకి ఎక్కించకుండా వేరే నోటుబుక్కులో రాసి, ఒక ట్రంకుపెట్టెలో పెట్టాం. పోయినా ఫరవాలేదనుకున్నవే అందులో ఉండేవి. కొన్ని పోయాయి కూడా, ఎవరో చదువుకుంటున్నారనుకున్నాం.

ఆ పెట్టె ఎన్ఎస్ఎస్ వాళ్ల ఏడురోజుల ప్రత్యేక శిబిరంతోపాటు దత్తత గ్రామానికి వెళ్లేది. శిబిరంలో పొద్దునంతా ముళ్లకంపలు కొట్టడం, మురుగుకాల్వలు తీయడం ఉంటుంది. సాయంత్రం స్కూలు పిల్లలు ఊరికే చుట్టూ మూగుతారు. ఆ గంట మనది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. చదివించడానికి మాత్రం మీరు ముందుకు దూకకండి. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచే వచ్చే బీఏ, బీకాం పిల్లలకు అప్పగించండి. క్లాసులో నోరు విప్పని అమ్మాయి తన యాసలో నక్కలాగా, కోతిలాగా గొంతు మార్చి కథ చెప్తుంటే చూడాలి! శిబిరం అయ్యాక పెట్టె ఆ ఊరి స్కూల్లోనే వదిలి, ఆ ఊరి నుంచి రోజూ కాలేజీకి వచ్చే విద్యార్థి ఒకరికి బాధ్యత ఇచ్చాం. అలాంటి విద్యార్థి లేని ఊరికి పెట్టె పంపితే మాత్రం తాళం వేసి బీరువా మీద పెట్టేస్తారు.

‘మన కాలేజీ లైబ్రరీకి ఊరితో పనేంటి’ అనే సీనియర్లు మీకూ తగులుతారు. గట్టిగా వాదించక్కర్లేదు. 1935లోనే పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారని చెప్పండి. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య గారి నాటి నుంచీ మన వైపు గ్రంథాలయోద్యమం పెరిగింది జనం మధ్యనే. ఇది విన్నాక సగం మంది మెత్తబడతారు. మిగతావాళ్లు న్యాక్ మాట వింటే మెత్తబడతారు.

న్యాక్ కాగితాల సంగతి త్వరగా చెప్తాను. మా కాలంలో విస్తరణ కార్యక్రమాలు (అంటే ఈ ఔట్‌రీచే) మూడో క్రైటీరియన్‌లో, లైబ్రరీ నాలుగో దాంట్లో వచ్చేవి కాబట్టి ఒకే పని రెండుచోట్లా చూపేవాళ్లం. తీర్మానం నకలు, సంతకాల రిజిస్టరు, జియోట్యాగ్ (తీసిన చోటు నమోదయ్యే) ఫోటోలు నెలకోసారి కాలేజీలో న్యాక్ పనులు చూసే ఐక్యూఏసీకి మెయిల్ చేసేయండి. ఆఖరి వారంలో వెతుక్కునే పని తప్పుతుంది. నవంబరు 14 నుంచి 20 వరకు వారోత్సవాలు ఎటూ చేయాలి, చేయండి. ర్యాలీ బదులు ఆ వారం శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్‌ను మీ కాలేజీకి పిలిచి, అక్కడికక్కడే మీ విద్యార్థులకు సభ్యత్వాలు ఇప్పించండి. వాళ్ల దగ్గర నవలలుంటాయి, మీ దగ్గర మధ్యాహ్నం కుర్చీలుంటాయి. మా ఊళ్లో ఆ తర్వాత శాఖా గ్రంథాలయం మేడమే పదకొండింటికి తలుపు వేస్తూ ‘కాలేజీకి వెళ్లండి బాబూ, సార్ ఉంటారు’ అని పంపేది.

పరీక్షల నెలల్లో మన విద్యార్థులకే కుర్చీలు చాలవు. ఆ నెలల్లో బయటివాళ్లకు వీలుకాదని తీర్మానంలో ముందే రాసుకోండి, నోటీసు పదిహేను రోజుల ముందు పెట్టండి. తీర్మానం నమూనా కావాలంటే అడగండి, కింద పెడతాను.