డీఎంగా కూర్చోబోతున్న మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి అత్తయ్య ఆశీస్సులు.

మీ అయిదుగురూ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు వేసి ఆడే కథల ఆట మొదలుపెడుతున్నారనీ, డీఎంగా, అంటే కథ నడిపే డంజన్ మాస్టర్‌గా నువ్వే కూర్చుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఇద్దరు డల్లాస్‌లో, ఒకరు బెంగళూరులో, మీ ఇద్దరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి కంప్యూటర్ లేకుండా ఆట సాగదు, నిజమే. కానీ సాఫ్ట్‌వేర్ల పేర్లన్నీ వరసగా రాసి "ఏది కొనమంటావు అత్తయ్యా?" అని అడిగావే, అది రెండో ప్రశ్న. ఆట నడిపేటప్పుడు నీ బుర్ర తినేసేది ఏమిటి? ముందు అది చూసుకో. దాన్ని మాత్రమే కంప్యూటర్‌కి అప్పగించు. మిగతాదంతా నీ నోటితో నువ్వే చెయ్యాలి.

బుర్ర తినేది ఎక్కువగా యుద్ధమే. నీ దగ్గర నలుగురు ప్లేయర్లు, ఎదురుగా ఆరు గాబ్లిన్లు (పొట్టి రాక్షసులు) అనుకో. 2014 నాటి నియమాల ప్రకారం ఒక్కో గాబ్లిన్‌కి 7 హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదో ఆ లెక్క), ఆర్మర్ క్లాస్ 15 (దెబ్బ తగలాలంటే దాడి చేసేవాడికి రావాల్సిన అంకె). ఎవరి వంతు తర్వాత ఎవరిదో పది పేర్లు గుర్తుంచుకోవాలి. నాలుగు పాయింట్ల దెబ్బ తిన్న గాబ్లిన్ వంతెన మీద ఉన్నదా, చెట్టు పక్కనున్నదా? ఎవడు కింద పడి ఉన్నాడు? ఈలోగా మంత్రం పట్టి నిలబడ్డ విజార్డ్‌కి (మంత్రగాడికి) 26 పాయింట్ల దెబ్బ తగిలింది. ఆ మంత్రం నిలవాలంటే అతను వేసే డైస్ లెక్క దెబ్బలో సగం, అంటే 13 రావాలా, 10 వస్తే చాలా? (రెండిట్లో ఏది పెద్దదైతే అది. ఇక్కడ 13 రావాలి.) ఈ లెక్కలన్నీ మనసులో నడుస్తుంటే గాబ్లిన్ గొంతుతో నువ్వు మాట్లాడలేవు. ఎదుటివాళ్లు చెప్పేది చెవిన పడదు. ఇదీ సాఫ్ట్‌వేర్ చెయ్యాల్సిన పని. వంతుల పట్టిక, హిట్ పాయింట్లు, ఎవరికి ఏ స్థితి అంటిందో, ఈ మూడూ దానికి ఇచ్చెయ్. దీనికి పెద్ద ప్రోగ్రామే అక్కర్లేదు. పేరు, ఇనీషియేటివ్ (వంతుల వరస తేల్చే అంకె), మిగిలిన పాయింట్లు, స్థితి అని నాలుగు వరసలున్న మామూలు స్ప్రెడ్‌షీట్ కూడా చాలు.

కొన్ని సాఫ్ట్‌వేర్లలో దాడి మొత్తం దానంతటదే జరిగిపోయే ఏర్పాటు ఉంటుంది. ప్లేయర్ ఒక్క బటన్ నొక్కితే చాలు: డైస్ పడుతుంది, ఆర్మర్ క్లాస్‌తో పోల్చుకుంటుంది, గాబ్లిన్ పాయింట్లు తగ్గిపోతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ మొదటి కొన్ని వారాలు దాన్ని ఆపి ఉంచు. మీవాళ్లంతా కొత్తవాళ్లు. డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద వచ్చిన అంకెకి తన బలం ఎంత కలిసిందో, తన నైపుణ్యం ఎంత కలిసిందో నోటితో చెప్పుకుంటేనే ఎవరి పాత్ర వాళ్లకి పట్టుబడుతుంది. బటన్ నొక్కడం అలవాటైతే "నేనేం చేస్తాను" అని ఆలోచించడం మానేసి "ఏ బటన్ ఉంది" అని వెతుకుతారు. ఈ ఆటలో ఏదైనా చెయ్యొచ్చు కదా! దీపం బుడ్డి తన్నేసి గడ్డివాముకి నిప్పు పెడతానంటే దానికి బటన్ ఎక్కడుంటుంది?

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. మొదట్లో డబ్బు పెట్టకు. ఔల్‌బేర్ రోడియో అని ఒకటుంది. లింక్ పంపితే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, మ్యాప్ పెట్టి బొమ్మలు జరుపుకోవచ్చు. చేసే పని తక్కువ, అదే దానిలో మంచి. క్యారెక్టర్ షీట్లు (ఒక్కో పాత్ర వివరాలు రాసుకునే కాగితాలు), డైస్, మ్యాప్ అన్నీ ఒకేచోట కావాలంటే 2012లో కిక్‌స్టార్టర్ అనే సైట్‌లో జనం దగ్గర డబ్బు పోగుచేసి తెచ్చిన రోల్20 ఉంది. అదీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచిత ఖాతాతో హాయిగా మొదలుపెట్టొచ్చు. కాగడా వెలుగు గోడ దగ్గర ఆగిపోయే డైనమిక్ లైటింగ్ లాంటి వాటికి మాత్రం చందా కట్టాల్సి రావచ్చు.

నీ స్నేహితుడు మెచ్చుకున్న ఫౌండ్రీ కూడా ఇలాంటి సాఫ్ట్‌వేరే, 2020లో వచ్చింది. ఒకసారి కొంటే చాలు, డీఎం ఒక్కడు కొంటే చాలు, మిగతావాళ్లు బ్రౌజర్‌లోంచి వచ్చేస్తారు. నాకు చాలా ఇష్టమైనది అదే. కానీ మామూలుగా అది నీ కంప్యూటర్ మీదే సర్వర్‌గా నడుస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీ అడ్రస్‌ని (ఇంటర్నెట్‌లో ఇంటి చిరునామా లాంటిది) ఎన్నో ఇళ్లకి పంచుతాయి. అలాంటి కనెక్షన్ మీద రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటనుంచి వచ్చేవాళ్లని నీ కంప్యూటర్‌కి పంపే ఏర్పాటు) ఎంత సరిగ్గా పెట్టినా డల్లాస్ వాళ్లు నీ సర్వర్ దాకా రాలేరు. తప్పు నీది కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. అప్పుడు నెలకింత కట్టి హోస్టింగ్ తీసుకోవాలి, లేదా క్లౌడ్‌లో పెట్టుకోవాలి. కరెంటు పోతే అందరి ఆటా ఆగిపోకుండా ఉండటానికి కూడా అదే మేలు. ఇవన్నీ నేర్చుకోవాలని నీకు సరదాగా ఉంటే నేర్చుకో, నేను పక్కన కూర్చుని చూపిస్తాను. కానీ మొదటి ఆటకి ముందు వారమంతా సర్వర్‌తో కుస్తీ పట్టి కథ ఆలోచించకుండా వస్తే మాత్రం నేను ఒప్పుకోను. ఇంకొకటి, ఆట ఉన్న రోజు ఫౌండ్రీని గానీ దాని మాడ్యూళ్లని (అదనంగా తగిలించుకునే భాగాలని) గానీ అప్‌డేట్ చెయ్యకు. పెద్ద వెర్షన్ మారినప్పుడు పాత మాడ్యూళ్లు పనిచెయ్యకుండా పోవచ్చు. యూజర్ డేటా ఫోల్డర్ కాపీ తీసి పెట్టుకున్నాకే అప్‌డేట్ జోలికి వెళ్లు.

మ్యాపుల మోజు అందరికీ ఉంటుంది. గడి ఒక్కొక్కటీ అయిదు అడుగులు, 30 అడుగులు నడిచేవాడు ఆరు గడులు జరుగుతాడు, చూడని చోటంతా నల్లగా కప్పి ఉంటుంది, అడుగు వేసేకొద్దీ గుహ తెరుచుకుంటుంది. నిజంగా అందమైన అనుభవం. అయితే ప్రతి గదికీ మ్యాప్ గీశావంటే తెలియకుండానే ప్లేయర్లని నువ్వు గీసిన గదుల్లోకే తోస్తావు. వాళ్లు గుహలోకి వెళ్లకుండా ఊళ్లో కమ్మరితో స్నేహం చేస్తామంటే నీకు దిగులు పట్టుకుంటుంది, గీసినదంతా వృథా అవుతోందని. అందుకే అడవి బాట, పూటకూళ్ల ఇల్లు, గుహ, నది మీద వంతెన, ఇలా ఎక్కడైనా పనికొచ్చేవి కొన్ని ఉంచుకో. కత్తులు దూసినప్పుడు మ్యాప్ తెరువు, యుద్ధం అయిపోగానే మూసెయ్. రాజుగారి సభలో మాటలు నడుస్తున్నప్పుడు తెర మీద గడులుంటే అందరూ బొమ్మలు జరుపుకుంటూ కూర్చుంటారు, రాజు ఏమన్నాడో ఎవరూ వినరు. ఫోన్‌లో ఆడేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ముందే అడుగు. చిన్న తెర మీద పెద్ద మ్యాప్ నరకం. బొమ్మల ఫైళ్లని వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫార్మాట్‌లోకి మార్చి సైజు తగ్గించు, లేకపోతే నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకి నల్లటి తెరే కనిపిస్తుంది.

పాచికల సంగతి కొంచెం వివరంగా రాస్తాను, గొడవలొచ్చేది ఇక్కడే కాబట్టి. ఎవరికో డీ20 మీద వరసగా మూడుసార్లు 1 పడుతుంది. "సాఫ్ట్‌వేర్ మోసం చేస్తోంది" అంటారు. వరసగా మూడు ఒకట్లు పడే అవకాశం 8,000లో ఒకటి. కానీ నలుగురు ప్లేయర్లు, ఒక డీఎం వారం వారం వేస్తూ ఉంటే అలాంటివీ ఒక రోజు వస్తాయి. ఈ మాట ముందే చెప్పి ఉంచు. అడ్వాంటేజ్ ఉన్నప్పుడు రెండు వేసి పెద్దది తీసుకుంటాం కదా, అప్పుడు 20 పడే అవకాశం 5 శాతం నుంచి 9.75 శాతానికి పెరుగుతుంది. ఈ లెక్కలు తెలిస్తే ప్లేయర్లు తెలివిగా ఆడతారు. తన సొంత డైస్ మీద మమకారం ఉన్నవాళ్లని వాటితోనే వేసి అంకె చెప్పనివ్వు. కెమెరా పెట్టమని అడగకు. స్నేహితుల మీద నమ్మకం లేకపోతే ఈ ఆటే వద్దు.

డీఎంకి మాత్రమే కనిపించేలా వేసే సౌకర్యం దాదాపు అన్నిటిలో ఉంటుంది. అది ఎప్పుడు వాడాలో తెలుసుకో. తలుపు దగ్గర ఉచ్చు ఉందా అని ప్లేయర్ వెతికాడు. తన డైస్ మీద 3 లాంటి చిన్న అంకె పడిందని చూస్తే, "ఏమీ కనిపించలేదు" అని నువ్వు అన్నా నమ్మడు, పక్కవాణ్ణి వెతకమంటాడు. అలాంటివి నువ్వు చాటుగా వెయ్యి. రాక్షసుడి దాడి మాత్రం అందరి ముందూ వెయ్యాలి. ఒకరి పాత్ర చచ్చిపోయేటప్పుడు ఆ అంకెని అందరూ కళ్లారా చూడాలి. అది వాళ్లకి మనమిచ్చే గౌరవం.

నోట్సుకి అబ్సిడియన్ అనే యాప్ గానీ, గూగుల్ డాక్స్ గానీ, ఏదైనా సరే, వెతికితే వెంటనే దొరికితే చాలు. తెలుగులోనే రాసుకో, బాగుంటుంది. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు కొన్ని సిద్ధంగా పెట్టుకో. అనుకోకుండా ఎదురైన పాలవాడి పేరేంటని వాళ్లు తప్పకుండా అడుగుతారు. ఆట అయిన రాత్రే ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాసెయ్, వారం తర్వాత గుర్తుండదు. గదుల వర్ణనలన్నీ ఏఐతో రాయించుకుందామనుకుంటున్నానన్నావు. పేర్లకీ, సంతలో సరుకుల జాబితాకీ వాడుకో. వర్ణన మాత్రం నీ మాటల్లోనే చెప్పు. పొడుగాటి పేరా చదువుతుంటే నీ కళ్లు తెర మీద ఉంటాయి, వాళ్ల మొహాలు కనిపించవు. ఎవరికి భయం వేసిందో, ఎవరికి విసుగు పుట్టిందో నీకెలా తెలుస్తుంది?

పుస్తకాల దొంగ పీడీఎఫ్‌లు ఎవరైనా పంపితే వద్దను. అవసరమే లేదు. మూల నియమాలున్న ఎస్‌ఆర్‌డీ 5.1 అనే పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు. కొత్తవాళ్లకి అది బోలెడంత.

టైము విషయం. డల్లాస్‌లో శనివారం రాత్రి 9 అంటే మనకి చలికాలంలో ఆదివారం ఉదయం 8:30. మార్చి రెండో ఆదివారం వాళ్ల గడియారాలు ముందుకి జరిగాక 7:30 అవుతుంది, నవంబర్ మొదటి ఆదివారం అవి వెనక్కి జరిగాక, ఆ తర్వాతి వారం నుంచి మళ్లీ 8:30. మెసేజ్‌లో గంట రాసి పంపకుండా క్యాలెండర్‌లో ఇన్వైట్ పెట్టు, ఎవరి టైము వాళ్లకి అదే చూపిస్తుంది. మాటలకి డిస్కార్డ్ యాప్ చాలు. అందరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, లేకపోతే ప్రతిధ్వనితో తలనొప్పి. వెనకాల సంగీతం కావాలంటే తర్వాత చూద్దాం.

నెట్ పోయిన రోజు ఏం చెయ్యాలో కూడా అనుకుని ఉండండి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట తెచ్చినప్పుడు కాగితం, పెన్సిల్, డైస్ ఉన్నాయంతే. ప్రతి ఒక్కరూ తమ క్యారెక్టర్ షీట్ ప్రింట్ తీసి దగ్గర ఉంచుకుంటే, అంతా ఆగిపోయినా వాట్సాప్ కాల్ మీద ఆట పూర్తి చెయ్యొచ్చు.

మొదటి ఆటకి ముందు శనివారం సాయంత్రం నాకో గంట ఇవ్వు. నేను పాత ల్యాప్‌టాప్‌లోంచి ప్లేయర్‌గా లాగిన్ అవుతాను. నీ తెర మీద ఏముందో కాదు, ప్లేయర్ తెర మీద ఏం కనిపిస్తోందో చూడాలి. దాచిన గదులు నిజంగా దాగి ఉన్నాయా, నా బొమ్మ నేను జరపగలుగుతున్నానా, చాటుగా వేసిన డైస్ నాకు కనిపిస్తోందా, అన్నీ చూసి చెబుతాను. ఆరు గాబ్లిన్లని కూడా సిద్ధం చేసి ఉంచు, ఒక చిన్న యుద్ధం ఆడదాం. ఈలోగా మీ నలుగురు ప్లేయర్లు ఏ పాత్రలు ఎంచుకున్నారో రాసి పంపు.

ప్రేమతో,
అత్తయ్య