సాంబారు గుండిగకు చక్రాలు పెట్టించండి

అన్నా, మీ అన్నదానంలో వంటశాల నుంచి పందిరి దాకా సాంబారు గుండిగను ఇద్దరు చేతులతో మోస్తున్నారని, మొన్న ఒకరి కాలు కాలిందని రాశారు. చదివి మనసు చివుక్కుమంది. ముందు ఆ మోత ఆపండి. 100 లీటర్ల సాంబారంటే గిన్నె కాకుండానే 100 కిలోల పైమాట.

వెల్డింగ్ షాపులో ఇనుప యాంగిల్‌తో మోకాలి ఎత్తుకు మించని ట్రాలీ చేయించండి. అడుగు భాగం గుండిగ కంటే వెడల్పుగా ఉండాలి. గుండిగ కుదురుగా కూర్చోవడానికి పైన రింగు వేయించండి. చక్రాలు 8 అంగుళాల రబ్బరువే తీసుకోండి. చిన్నవైతే గచ్చు పగుళ్లలో ఇరుక్కుంటాయి, సాంబారు తొణికి మళ్లీ కాళ్ల మీదే పడుతుంది. రెండు చక్రాలకు బ్రేకు తప్పనిసరి. మెట్టు ఉన్నచోట అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున ర్యాంపు కట్టించండి.

గుండిగకు కుళాయి పెట్టిద్దామా అని అడిగారు. చారుకు, మజ్జిగకు బాగుంటుంది. సాంబారుకు మాత్రం వద్దు. మా దగ్గర మునక్కాడ ముక్క అడ్డుపడి, ఆకుల ముందు కూర్చున్నవాళ్లు అలాగే ఎదురుచూశారు. దానికి గరిటే మేలు. వడ్డన అయ్యేదాకా వేడి 60 డిగ్రీలకు తగ్గకూడదు, వంటల థర్మామీటరు ఒకటి కొనిపెట్టుకోండి.