కాల్స్ వైఫై మీదకి మార్చాలంటే ఎన్ని ఎంబీపీఎస్ కావాలి?

డెస్క్ ఫోన్లు తీసేసి ఆఫీసు కాల్స్ అన్నీ వైఫై మీదకి మారుస్తున్నాం, ఎంత స్పీడున్న లైన్ తీసుకోవాలి అని అడిగారు. లైన్ గురించి బెంగ వద్దు. మాటని డేటాగా మార్చే జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కి ఒక్కో వైపు 80-90 కేబీపీఎస్ చాలు. స్పీడ్ టెస్టులో 200 ఎంబీపీఎస్ చూపించే ఆఫీసుల్లో కూడా మాట ముక్కలు ముక్కలుగా వినపడుతుంది, తేడా లోపలి వైఫైలోనే.

మాట 20 మిల్లీసెకండ్లకొక ప్యాకెట్‌గా, సెకనుకి 50 చొప్పున వెళ్తుంది. ఎవరో ఫోన్ చెవికి పెట్టుకుని సీట్లోంచి లేచి మెట్ల వైపు నడిచారనుకోండి. సిగ్నల్ -60 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నాకి దూరమయ్యేకొద్దీ బలహీనం) నుంచి -70కి జారింది. ఐఫోన్ ఆ -70 దగ్గరే ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) కోసం వెతకడం మొదలుపెడుతుంది. ఇంతలో మెట్ల దగ్గరి ఇనప తలుపు వెనకాల మూసుకుంది, సిగ్నల్ -80. కొత్త పాయింట్ దొరికినా లాగిన్‌లు సరిచూసే రేడియస్ సర్వర్ దాకా వెళ్లి లాగిన్ మొత్తం మళ్లీ జరగాలి. అందులో అర సెకను పోయిందంటే 25 ప్యాకెట్లు గల్లంతే. అవతలివాళ్లకి 'రేపు పద... పంపండి' అని మాత్రమే వినపడుతుంది. పదింటికా, పదకొండింటికా?

అందుకని పాయింట్ మారినప్పుడు లాగిన్ మొత్తం మళ్లీ జరగకుండా చూసే 802.11ఆర్ ఆన్ చేయండి, ఏ పాయింట్‌కి మారాలో ఫోన్‌కి చెప్పే 802.11కే, 802.11వీ కూడా. పాత హ్యాండ్‌సెట్లు మొరాయిస్తే వాటికి వేరే ఎస్‌ఎస్‌ఐడీ (వైఫై పేరు) ఇవ్వండి. ఫోన్‌తో తిరిగే ప్రతి చోటా, మెట్లూ లిఫ్ట్ ముందరా కలిపి, కనీసం -67 డీబీఎం ఉండాలి. రెండో పాయింట్ కూడా దాదాపు అంతే బలంగా అందాలి. ఈ సిగ్నల్ సర్వే ల్యాప్‌టాప్‌తో కాదు, వాడబోయే ఫోన్‌తోనే చేయించండి.

5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 20 మెగాహెర్ట్జ్ చానళ్లే పెట్టండి. 80 పెట్టేసి స్పీడ్ టెస్ట్ చూపించి బిల్లు తీసుకుపోయే ఇన్‌స్టాలర్లకి ఓ దండం. పక్కపక్క పాయింట్లు ఒకే చానల్ మీద కొట్టుకుంటుంటే ఆ స్పీడ్ ఎవడిక్కావాలి? పవర్ కూడా ఫుల్ పెట్టకూడదు. పెడితే పాయింట్ మాట ఫోన్‌కి వినపడుతుంది గానీ ఫోన్ మాట పాయింట్‌కి అందదు. స్క్రీన్ మీద గీతలన్నీ నిండుగా ఉన్నా 'హలో, హలో' తప్పదు. పాయింట్లలో నెమ్మదైన 6, 9 ఎంబీపీఎస్ వైఫై రేట్లు ఆపేసి 12 నుంచి మొదలుపెట్టండి.

క్యూఓఎస్ (మాటకి ముందు దారిచ్చే ఏర్పాటు) ఆన్‌లోనే ఉంది అంటారు, లోపల చూస్తే వేరు. ఫోన్ పంపే ప్యాకెట్‌కి ఇది మాట అని చెప్పే డీఎస్‌సీపీ 46 అనే గుర్తుంటుంది. చాలా పరికరాలు అందులో మొదటి మూడు బిట్లే చూసి వైఫై ప్రాధాన్యం 5 అని లెక్కేస్తాయి, ప్యాకెట్ వీడియో క్యూలో పడుతుంది. వాయిస్ క్యూ కావాలంటే 6 రావాలి. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8325 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెప్పేదీ ఇదే. మ్యాపింగ్ చేత్తో సరిచూడండి. మధ్యలో స్విచ్ పోర్ట్ ఆ గుర్తుని చెరిపేస్తుంటే ఇదంతా వృథా. విండోస్ ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌ఫోన్ (కాల్స్ చేసే యాప్) వాడితే గ్రూప్ పాలసీలో విడిగా మార్కింగ్ పెట్టాలి.

ఒక వైపు మాటే వినపడుతుంటే వైఫైని తిట్టేముందు ఫైర్‌వాల్‌లో కాల్ ప్యాకెట్లని మార్చే ఎస్‌ఐపీ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఆపి చూడండి. రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లు కదలరు కాబట్టి వాళ్ల వైరు ఫోన్ పీకాల్సిన పనే లేదు. నెట్‌వర్క్ కేబుల్‌లోనే పాయింట్లకి కరెంటిచ్చే పీఓఈ స్విచ్‌లకి యూపీఎస్ ఉందో లేదో మాత్రం డెస్క్ ఫోన్లు తీయకముందే చూసుకోండి.