పాఠం చెప్పదు, ప్రోగ్రామ్ రాయదు... మా అమ్మాయిది ఏం ఉద్యోగం?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె. రొయ్యల గుంటలు చేసుకుంటాం. మా అమ్మాయి ఎం.సి.ఎ. చేసి రెండేళ్ళుగా ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేస్తోంది. ల్యాబ్‌లో ప్రోగ్రామర్‌గా చేరింది. ఇప్పుడేమో లెక్చరర్లు పెట్టే ఆన్‌లైన్ పాఠాలు, క్విజ్‌లు, ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) కోర్సుల వ్యవహారం అంతా తనే చూస్తోంది. క్లాసు చెప్పదు, సాఫ్ట్‌వేర్ రాయదు. సంబంధాలకు వచ్చినవాళ్ళు అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. మానేసి హైదరాబాద్ వెళ్ళి సాఫ్ట్‌వేర్ కోచింగ్ తీసుకోమంటే వినదు, ఈ పనే బాగుందంటుంది. పోనీ బి.ఇడి. చేయించమంటారా? ఈ పనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. అందులో అన్నిటికన్నా విలువైన మాటను మీరు విసుగుతో రాశారు. 'ఈ పనే బాగుందంటుంది' అన్నారు చూడండి, అదీ ఆ మాట. రెండేళ్ళు చేశాక కూడా పని బాగుందనే పిల్లలు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో తక్కువ.

మీ గుంటల దగ్గరికి నీళ్ళు టెస్ట్ చేసే టెక్నీషియన్ వస్తాడు కదా. అతను రొయ్య పెంచడు, మేత అమ్మడు. పీహెచ్ ఎంతుంది, అమ్మోనియా పెరిగిందా, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతోందా అని చూసి, ఏరేటర్లు ఎప్పుడు తిప్పాలో చెబుతాడు. సాగు మీది, కష్టం మీది. అయినా అతని మాట పెడచెవిన పెడితే ఏమవుతుందో మీకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. కాలేజీలో మీ అమ్మాయిది అలాంటి చోటే. పాఠం లెక్చరర్‌ది. ఆ పాఠం పిల్లలకు అందుతోందా, ఎక్కడ ఆగిపోతోంది, ఏం మారిస్తే అందుతుంది అని చూసేది తను.

ఈ పనికి పేరు కూడా ఉంది. మన దగ్గర కంపెనీలు ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ అంటాయి. బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో లెర్నింగ్ టెక్నాలజిస్ట్ అంటారు. అక్కడ ఈ వృత్తివాళ్ళకు 1993 నుంచి ఏఎల్‌టీ అనే సంఘం ఉంది. చేసిన పనిని చూపించి సీఎంఏఎల్‌టీ అనే వృత్తి గుర్తింపు తెచ్చుకుంటారు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో వీళ్ళకు ఒక విభాగం, దానికి ఒక అధిపతి ఉంటారు. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి, అధ్యాపకులకు ఏ శిక్షణ ఇవ్వాలి, ఆన్‌లైన్ పరీక్ష ఎలా పెట్టాలి అన్నప్పుడు ముందు వాళ్ళనే అడుగుతారు.

నా కళ్ళతో చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఆ మధ్య నెల్లూరులో ఒక కాలేజీకి కెరీర్ క్లాసు చెప్పడానికి వెళ్ళాను. స్టాఫ్ రూమ్‌లో థర్మోడైనమిక్స్ చెప్పే పెద్ద సారు, ఆయన పక్కన మీ అమ్మాయి వయసు పిల్ల. సారు యాభై నిమిషాల పాఠం రికార్డు చేసి, మూడుల్ అనే ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్‌లో పెట్టారు. పిల్లలు చూడటం లేదని ఆయన కోపం. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా రిపోర్టు తెరిచింది. "అందరూ తెరిచారు సార్. ఎక్కువమంది సాయంత్రం ఆరు తర్వాత, ఫోన్లలో. సగంమంది కోవూరు, బుచ్చి, పొదలకూరు బస్సుల్లో వెళ్ళేవాళ్ళు. వీడియో ఏడొందల ఎంబీ ఉంది సార్, వాళ్ళ రోజు డేటాలో సగం దీనికే పోతుంది" అంది. సారు కాస్త తగ్గారు. "ఇందులో ఏటా పిల్లలకు ఎక్కని ముక్క ఏది సార్?" అని అడిగింది. "ఎంట్రోపీ" అన్నారాయన, ఆలోచించకుండానే. "అయితే దాని మీద ఎనిమిది నిమిషాలు చెప్పండి చాలు. మిగతాది నోట్స్‌గా పెడదాం. కింద మూడు ప్రశ్నలు ఇద్దాం, క్లాసుకు రాకముందే రాయాలి. ఎక్కడ తప్పు రాశారో మీకు ముందే కనబడుతుంది, క్లాసులో దాని గురించే మాట్లాడొచ్చు." సారు కళ్ళజోడు సర్దుకుని, తెల్లకాగితం తీసుకుని మూడు ప్రశ్నలూ అప్పుడే రాయడం మొదలుపెట్టారు.

అంతసేపట్లో ఆ అమ్మాయి కంప్యూటర్ ముట్టుకున్నది రెండు నిమిషాలు. మిగతాదంతా పాఠం ఎలా తలకెక్కుతుందో తెలిసిన మనిషి చేసే పని. పెద్దాయన్ని నొప్పించకుండా ఒప్పించింది చూశారా, అది కోచింగ్ సెంటర్లలో దొరకదు. మీ అమ్మాయికి ఎం.సి.ఎ. ఉంది కాబట్టి కంప్యూటర్ వైపు కొరత లేదు. ఇక పెంచుకోవాల్సింది ఈ రెండో వైపు. అయితే బి.ఇడి. మాత్రం వద్దు. అది స్కూల్ టీచర్లకు పెట్టిన చదువు, ఈ దారిలో అవసరం పడదు.

ఇగ్నో అనే దూరవిద్య విశ్వవిద్యాలయంలో పీజీ డిప్లొమా ఇన్ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ ఉంది. డిగ్రీ ఉంటే చేరొచ్చు. ఆపైన అదే సబ్జెక్టులో ఎం.ఏ. ఉంది. ఎం.ఏ. ఎడ్యుకేషన్ కూడా అక్కడే చేయొచ్చు. ఉద్యోగం చేస్తూ ఇంటి నుంచే చదువుకోగలిగినవి ఇవి, నా ఓటు వీటికే. ముంబయిలో ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది. ఐఐటీ బాంబేలో ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీ కూడా చేయొచ్చు. అంతదాకా వెళ్ళాలా వద్దా అన్నది తర్వాత చూసుకోవచ్చు, ఇప్పుడే టెన్షన్ పడొద్దు.

భవిష్యత్తు సంగతి. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్ మొదలుపెట్టాయి. 2017లో కేంద్రం స్వయం అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక తెచ్చింది. ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సుల్ని స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని, విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2021లో నిబంధన పెట్టింది. స్వయం కోర్సు అంటే ఒట్టి వీడియో ఒక్కటే సరిపోదు. వీడియో, చదువుకునే మెటీరియల్, పిల్లలు ప్రశ్నలు అడిగే చర్చా వేదిక, తమను తాము పరీక్షించుకునే ప్రశ్నలు, నాలుగూ ఉండాలి. సబ్జెక్టు తెలిసిన ప్రొఫెసర్ ఒక్కరే ఈ నాలుగూ అమర్చడం కష్టం. పక్కన మీ అమ్మాయిలాంటి మనిషి ఉండాలి. ఆన్‌లైన్ డిగ్రీలు నడిపే విశ్వవిద్యాలయాలు దీనికోసం వేరే సాంకేతిక సిబ్బందిని పెట్టుకోవాలని యూజీసీ 2020 నిబంధనల్లోనూ ఉంది.

ఇవన్నీ చెప్పి మిమ్మల్ని ఊరించను. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రైవేటు కాలేజీల్లో ఈ పనికి జీతం తక్కువ, ప్రమోషన్లకు మెట్లు లేవు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కంప్యూటర్ తెలిసిన అమ్మాయి కదా అని ప్రొజెక్టర్ పనిచేయకపోయినా పిలుస్తారు, వెబ్‌సైట్ ఆగినా పిలుస్తారు, కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తుందంటే ఫైళ్ళన్నీ నెత్తిన పెడతారు. అలా నాలుగేళ్ళు గడిస్తే అసలు పని మరుగున పడిపోతుంది. కొన్నాళ్ళ క్రితం ఒంగోలు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. ఏడేళ్ళు సరిగ్గా ఇదే పని చేశాడు, చాలా బాగా చేశాడు. అనుభవ పత్రంలో మాత్రం 'ల్యాబ్ అసిస్టెంట్' అని ఉంది. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి వెళితే ఆ ఏడేళ్ళలో ఒక్క ఏడాదీ లెక్కలోకి తీసుకోలేదు. అతని ముఖం నాకింకా గుర్తుంది, అందుకే ఈ విషయం గట్టిగా చెబుతున్నాను. జీతం పెంచమని అడిగే ముందు హోదా మార్చమని అడగమనండి. 'ఈ-లెర్నింగ్ కోఆర్డినేటర్' అని ప్రిన్సిపల్ సంతకంతో ఒక కాగితం రావాలి. ఎన్‌పీటీఈఎల్ లోకల్ చాప్టర్ (కాలేజీలో ఆ కోర్సుల వ్యవహారం చూసే విభాగం) పని కూడా తనే చూస్తోంది కాబట్టి అది కూడా అందులో రాయించుకోవాలి. కాలేజీకి దీనికి పైసా ఖర్చు లేదు. ఆరు నెలలు అడిగినా ఇవ్వలేదంటే మాత్రం చెన్నై, హైదరాబాద్, బెంగళూరుల్లో దరఖాస్తులు మొదలుపెట్టాలి. విశ్వవిద్యాలయాల్లోనే కాదు, కంపెనీల శిక్షణ విభాగాల్లోనూ ఈ ఉద్యోగాలున్నాయి.

ఆలోపు తను చేసిన పాఠాల్లో మూడింటిని ఎంచుకుని, ముందు ఎలా ఉండేది, తను ఏం మార్చింది, పిల్లల మార్కుల్లో, హాజరులో ఏం తేడా వచ్చింది అని ఒక్కోటి రెండు పేజీల్లో రాసి పెట్టుకోమనండి. ఇంగ్లిష్‌లో, తన మాటల్లో. పిల్లల పేర్లు, నంబర్లు తీసేయాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే ఇదే ఎక్కువ మాట్లాడుతుంది. వీడియోలకు కింద అక్షరాలు పెట్టడం, చూపులేని పిల్లలు స్క్రీన్ రీడర్‌తో వినగలిగేలా నోట్స్ తయారుచేయడం కూడా నేర్చుకోవాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక కూడా మన కాలేజీల్లో దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. మీ అమ్మాయి పట్టించుకుంటే ఆ క్లాసులో ఒక పిల్లాడికైనా చదువు నిలబడుతుంది. ఇక కోడింగ్ మీద మనసుపడితే కాలేజీ మారకుండానే దారి ఉంది. మూడుల్ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, పీహెచ్‌పీలో రాసినది. లోపలికి వెళ్ళి నేర్చుకోవచ్చు.

సంబంధాల వాళ్ళు అడిగితే, 'కాలేజీలో లెక్చరర్లకు ఆన్‌లైన్ పాఠాల్లో శిక్షణ ఇస్తుంది' అని చెప్పండి. అందులో అబద్ధమూ లేదు, అతిశయమూ లేదు. దానికి ముందు మీరొక పని చేయండి. ఈ ఆదివారం తను తయారుచేసిన పాఠం ఒకటి మీ ఫోన్‌లో పెట్టమనండి. గుంటల గట్టు మీద, సిగ్నల్ సరిగా లేని చోట నిలబడి తెరవండి. ఎంతసేపట్లో తెరుచుకుందో తనకు చెప్పండి. ఆ సంగతి తనకు పనికొస్తుంది.