ఏనుగుకు గిట్టలుంటాయా?

సందేహం: ఒక విద్యార్థి వ్యాసంలో ‘ఏనుగు తన గిట్టలతో నేలను తొక్కింది’ అని రాస్తే, ‘పాదాలతో’ అని దిద్దాను. సరైనదేనా? గిట్ట, డెక్క, గొరిజ ఒకటేనా? ‘గుర్రానికి వెనుక మోకాళ్లు వెనక్కి వంగుతాయి’ అనవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

సమాధానం: అమ్మా, మీరు దిద్దింది నూటికి నూరుపాళ్లు సరైనది. కాలి వేలి చివరను పూర్తిగా చుట్టేసి, నేలకు ఆనే గట్టి గోరే గిట్ట. ఏనుగు గోళ్లు అలా ఉండవు. అవి పాదం ముందు అంచున అతికినట్టు ఉంటాయి. బరువు మోసేది వేళ్ల వెనుక ఉన్న మందపాటి కొవ్వు దిండు. లోపల ప్రతి పాదంలో ఐదు వేళ్ల ఎముకలున్నా, ఆసియా ఏనుగుకు పైకి కనిపించే గోళ్లు సాధారణంగా ముందు 5, వెనుక 4. ఒంటెదీ ఇంచుమించు ఇదే దారి: రెండు వేళ్లు, రెండు గోళ్లు, కింద మెత్తటి అరికాలు. దానికీ గిట్టలు అనకపోవడమే మంచిది.

గిట్ట, డెక్క, గొరిజ మూడింటికీ అర్థం ఒకటే, వాడుకలోనే తేడా. గుర్రం అనగానే నోటికి డెక్క వస్తుంది. మూసీని, చెరువులను కమ్మేసే మొక్కను గుర్రపుడెక్క అంటామే తప్ప గుర్రపుగిట్ట అనం. ఆవు, గేదె, మేకలకు గిట్ట ఎక్కువ. గొరిజ ఇప్పుడు పుస్తకాల్లోనే మిగిలింది. పోనివ్వకూడని మాట, పిల్లలకు తప్పక చెప్పండి.

గుర్రం నడిచేది కాలికి ఒకే వేలి మీద, అదీ నడిమి వేలు. ఎద్దు మూడో, నాలుగో వేళ్ల మీద నడుస్తుంది. రెండో, ఐదో వేళ్లు చిన్న గిట్టలుగా వెనుక, పైన నిలిచిపోయాయి. లాడాలు కొట్టడం చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఎద్దును పడవేసి, కాళ్లు కట్టి, ఒక్కో పాదానికి రెండు రేకులు విడివిడిగా బిగిస్తారు. గుర్రానికి వంపు తిరిగిన లాడం ఒక్కటే. సంస్కృతంలో ఏకశఫం (ఒకే గిట్ట గలది), ద్విశఫం (రెండు గిట్టలు గలది), పంచనఖం (ఐదు గోళ్లు గలది) అనే పేర్లు ఈ పరిశీలనతో వచ్చినవే. గాలికుంటు వ్యాధి ఆవులకు, గేదెలకు, మేకలకు వచ్చి గుర్రానికి రాదని పశువైద్యులు చెప్పేటప్పుడు గీసే గీత కూడా ఈ చీలిన గిట్ట దగ్గరే. ఖడ్గమృగానికి మాత్రం పాదానికి మూడు వేళ్లు.

అమ్రాబాద్ అడవిలో తిరిగే పులికి, ఎలుగుబంటికి గిట్ట అన్న మాటే తగదు. పులి అడుగులో గోళ్ల గుర్తు సాధారణంగా పడదు, నడిచేటప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. ఎలుగుబంటి అరికాలు మోపి నడుస్తుంది, గోళ్లూ నేల మీద పడతాయి. అందుకే పులికి పంజా, ఎలుగుకు పాదం అని రాయించండి.

ఇక మోకాలి సంగతి. అలా అనకూడదు. గుర్రం వెనుక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకు కనిపించేది మడమ. అసలు మోకాలు పైన, పొట్ట దగ్గర ఉంటుంది, మన మోకాలి లాగే దాని మొన ముందుకే ఉంటుంది. ముందు కాలికి ‘మోకాలు’ అని మనం పిలిచేది నిజానికి మణికట్టు. అక్కడ మాత్రం పశువుల కాపరులు, వైద్యులు అందరూ మోకాలనే అంటారు కాబట్టి విద్యార్థి రాస్తే కొట్టేయవద్దు. వెనుక కాలికి మాత్రం ‘మడమ’ అని దిద్దండి.