అంబాసిడర్ ఇంజన్‌ని ఇంటి దగ్గరే దించుకోవచ్చా?

నాన్నగారి 1980 మార్క్ 4 పెట్రోల్ అంబాసిడర్ ఎనిమిదేళ్లుగా షెడ్డులోనే ఉండిపోయిందని, ఇంజన్ జామైందని రాశారు. ఊళ్లో మెకానిక్ "మామిడి కొమ్మకి మోకు వేసి లేపేద్దాం" అంటున్నాడని, ఇద్దరు స్నేహితులతో ఆ పని చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చండి. కొమ్మకి మాత్రం వద్దు. పచ్చగా ఉన్న కొమ్మ లోపల పుచ్చిందో లేదో బయటికి తెలియదు. విరిగేటప్పుడు కింద ఎవరున్నారో కొమ్మ చూసుకోదు.

నేను మెకానిక్‌ని కాను. తెనాలి దగ్గర మా ఊళ్లో, మా నాన్న వాడిన 1977 మార్క్ 3 ఇంజన్‌ని రెండుసార్లు దించాం. మొదటిసారి మా బాబాయి కొడుకు వేలు నలిగింది. రెండోసారి విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి చేసిన ఒక పెద్ద మేస్త్రీ దగ్గరుండి చేయించారు. అప్పుడు ఎవరికీ గీత కూడా పడలేదు.

మొదటిసారి దెబ్బ తగిలింది మా దగ్గర సామాను లేక కాదు. మామయ్య రైస్ మిల్లు నుంచి టన్ను చైన్ బ్లాక్ (గొలుసు లాగి బరువు లేపే కప్పీ) తెచ్చాం, షెడ్డు ముందు ఇనుప పైపులతో ముక్కాలి నిలబెట్టాం. అన్నీ విప్పేశామనుకుని ఇంజన్‌ని ముందుకి జరిపి చైన్ లాగడం మొదలుపెట్టాం. జానెడు లేచి ఆగింది. ఇంకో రెండు బారలు లాగాం, కదల్లేదు. ఏం పట్టుకుందో చూద్దామని తమ్ముడు ఇంజన్ వెనక చెయ్యి పెట్టి తడిమాడు. సరిగ్గా అప్పుడే ఫట్‌మని తెగింది. ఇంజన్ ముందుకి ఊగి, అదే ఊపులో వెనక్కి వచ్చింది. వాడి ఉంగరపు వేలు ఫ్లైవీల్‌కీ (ఇంజన్ వెనక ఉండే బరువైన చక్రం) గేర్‌బాక్స్ మూతికీ మధ్య పడింది. గోరు ఊడిపోయింది, నాలుగు కుట్లు పడ్డాయి. తీరా చూస్తే తెగింది ఎర్త్ పట్టీ. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే రాగి పట్టీ, జడలా అల్లి ఉంటుంది. ఎనిమిదేళ్ల జిడ్డూ మట్టీ పట్టేసరికి ఇంజన్ రంగులో కలిసిపోయి మాకు కనపడలేదు.

మేస్త్రీ రెండోసారి చేసిన మొదటి పని ఇదే. చైన్‌కి ఇంకా బరువు ఎక్కకముందే రేడియేటర్ వైపు నుంచి మొదలుపెట్టి, అరచేయి ఆనించి ఇంజన్ చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిప్పారు. చేతికి తగిలిన ప్రతిదాన్నీ పైకి చెప్పేవారు. స్టార్టర్ కేబులు, డైనమో వైర్లు, చోక్, యాక్సిలరేటర్ రాడ్డు, పెట్రోల్ పైపు, ఎర్త్. నేను సుద్దముక్కతో మడ్‌గార్డ్ మీద రాసుకుంటూ, విప్పింది విప్పినట్టు కొట్టేశాను. "చెయ్యి పెట్టేదేదో ఇప్పుడే పెట్టండి, లేచాక ఎవరి చెయ్యీ దాని దరిదాపులకు పోకూడదు" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. చైన్ చేతికి బరువెక్కిందంటే లాగకూడదు. ఇంజన్‌ని నాలుగు వేళ్ల మేర కిందికి దించి, టార్చి వేసి చూడాలి. ఆ మాట మాకు ముందే తెలిసుంటే తమ్ముడి వేలు బాగుండేది.

ఇక మీరు చేసుకోవాల్సింది. బ్యాటరీ తీసేయండి. నీళ్లు, ఇంజన్ ఆయిల్ దించేయండి. పెట్రోల్ పైపు చివర గట్టిగా మూసేయండి. బానెట్ తీసే ముందు కీళ్ల చుట్టూ మార్కర్‌తో గీత గీసుకుంటే మళ్లీ బిగించేటప్పుడు సందులు సరిగ్గా వస్తాయి. రేడియేటర్ తీసేయాల్సిందే. సైలెన్సర్ పైపు నట్లు తుప్పు పట్టి ఉంటాయి, ముందు రోజు రాత్రే డీజిల్ పోసి నాననివ్వండి. ప్రతి వైరుకీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

పానాల విషయంలో చాలామంది దెబ్బతింటారు. ఈ బండి మూలం ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్, 1489 సీసీ ఇంజన్ కూడా అక్కడి బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) డిజైనే. అందుకే నట్లు అంగుళాల కొలతలో ఉంటాయి. అరంగుళం నట్టుకి 13 నంబర్ పానా పడుతుంది గానీ, సందు మిగిలి మూలలు తినేస్తుంది. 9/16 నట్టుకి 14 నంబర్ అసలు ఎక్కదు. అంగుళాల పానాల సెట్టు ఒకటి తెచ్చుకోండి. మూలలు పోయిన నట్టుని బండి కింద పడుకుని సుత్తితో కొట్టడం మొదలైతే ప్రమాదం అక్కడే మొదలైనట్టు.

బండి కిందికి వెళ్లేటప్పుడు జాకీని ఒక్కదాన్నే నమ్మకండి. ఇటుకలు అసలే వద్దు, అవి చెప్పకుండా పగిలిపోతాయి. స్టాండ్లు గానీ మందపాటి కర్ర దిమ్మలు గానీ పెట్టండి. కింద పని అయిపోయాక మాత్రం బండిని నాలుగు చక్రాల మీదే నిలబెట్టాలి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

చైన్ బ్లాక్ ఒక చోట కదలకుండా ఉంటుంది. కాబట్టి ఇంజన్ లేచాక దాన్ని బయటికి లాగే పని పెట్టుకోకండి, బండినే వెనక్కి తోయండి. అప్పటిదాకా చక్రాలకి అడ్డు పెట్టి, ఇంజన్ అడుగు భాగం ముందు రేకుని దాటగానే అడ్డు తీసేసి, ఇద్దరు రెండు వైపుల నుంచి మెల్లగా తోయాలి. చైన్ దగ్గర మూడో మనిషి ఒక్కడే ఉండాలి, మాట కూడా అతనొక్కడిదే. బండి తప్పుకోగానే ఇంజన్‌ని కిందికి దించేయాలి. గాల్లో ఉంచి ఫొటోలు, కబుర్లు వద్దు.

ఎత్తు ముందే లెక్క వేసుకోండి. బరువు తగ్గేకొద్దీ బండి మూతి కూడా పైకి లేస్తుంది, ఇంజన్ వెంటే వస్తున్నట్టు ఉంటుంది. ముందు రేకు ఎత్తు, దాని పైన ఇంజన్ ఎత్తు, పైన తాళ్లు, ఆపైన చైన్ బ్లాక్ పొడవు అన్నీ కలుపుకుంటే ముక్కాలి పది అడుగులైనా ఉండాలి. మాది మొదట ఎనిమిదిన్నరే, చివర్లో చాల్లేదు. సిమెంటు నేల మీద కాళ్లు జారతాయి, మూడింటినీ కింద గొలుసుతో కలిపి కట్టండి. మట్టి నేలైతే ఒక్కో కాలి కింద మందపాటి పలక వేయండి. అద్దెకి చక్రాల క్రేన్ దొరికితే ఇంకా మంచిదే గానీ, దాని చిన్న చక్రాలు మట్టిలో దిగబడతాయి. అక్కడా పలకలు కావాల్సిందే.

కట్టడం గురించి. ఇంజన్ ఒక్కదాన్నే తీసినా, సామాను సరిచూసుకునేటప్పుడు 200 కిలోలు అనుకునే చూసుకోండి. కొబ్బరి తాడు, పాత మోకు వద్దు. లోడు రాసి ఉన్న బెల్టు గానీ గొలుసు గానీ వాడండి. గొలుసుకి బోల్టులు వాడితే గట్టి రకం (హై టెన్సైల్) బోల్టులే చూసుకోండి. మానిఫోల్డుకి (కార్బురేటర్, సైలెన్సర్ పైపు బిగించే భాగం), డైనమో బ్రాకెట్‌కి ఎప్పుడూ కట్టకండి. రెండు వైపుల తాళ్లు హుక్కు దగ్గర ఎంత విడిపోతే అంత ఎక్కువ లాగుడు పడుతుంది. మధ్య కోణం 60 డిగ్రీలైతే ఒక్కో తాడు మీద మొత్తం బరువులో 58 శాతం పడుతుంది. అదే 120 డిగ్రీలైతే ఒక్కోదాని మీద పూర్తి బరువు పడుతుంది. తాళ్లు కాస్త పొడుగ్గా ఉంటే మంచిదనేది అందుకే. అప్పుడు ముక్కాలి ఎత్తు కూడా దానికి తగ్గట్టు పెరగాలి.

గేర్‌బాక్స్‌ని బండిలోనే ఉంచుతున్నట్టయితే దాని ముందు భాగం కింద జాకీ, మధ్యలో కర్ర ముక్క పెట్టండి. బండిని వెనక్కి తోసే ముందు గేర్‌బాక్స్‌ని తాడుతో బాడీకి కట్టి, ఆ జాకీ తీసేయండి. ఇంజన్‌ని ముందు తిన్నగా ముందుకి జరపండి. గేర్‌బాక్స్ షాఫ్టు క్లచ్ ప్లేటులోంచి పూర్తిగా బయటికి వచ్చాకే పైకి లేపాలి. షాఫ్టు మీద ఇంజన్ బరువు వేలాడిందంటే క్లచ్ ప్లేటు వంగిపోతుంది.

దించేటప్పుడు ఇంజన్‌ని అడుగునున్న ఆయిల్ చట్టి మీద కూర్చోబెట్టకండి. అది రేకుతో నొక్కి చేసింది. సొట్ట పడితే లోపల ఆయిల్ పీల్చే జాలీకి అడ్డొస్తుంది, ఇంజన్ బాగు చేయించాక కూడా ఆయిల్ సరిగ్గా అందదు. పాత టైరు వేసి, పక్కల నుంచి ఇంజన్ బ్లాక్‌కి కర్ర దిమ్మలు ఆనించి కూర్చోబెట్టండి. చైన్ వదులు చేసి, ఒరగట్లేదని చూశాకే హుక్కు తీయండి.

ఇంత పని పెట్టుకునే ముందు ఒకటి చేసి చూడండి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి వారం వదిలేయండి. తర్వాత న్యూట్రల్‌లో పెట్టి, ముందు నుంచి హ్యాండిల్ వేసి కొద్దికొద్దిగా కదపండి, బలం చేయకండి. మా ఊళ్లోనే ఇంకో మార్క్ 3 ఇలా తొమ్మిదో రోజున కదిలింది. మీది కదలకపోతే ఎక్కడ పట్టేసిందో, హ్యాండిల్ ఎంత వరకు తిరిగిందో కింద రాయండి, చూసి చెప్తాను.