మిషన్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు

బిడ్డా,

నువ్వు కొందామనుకుంటున్న పాశ్చరైజర్, అదే రసాన్ని వేడిచేసి క్రిములను చంపే మిషన్, దాని ఫోటో, రేటు కాగితం చూశాను. స్టీలు బాగానే మెరుస్తోంది. కానీ కొనాలా వద్దా అన్నది మెరుపు చూసి తేల్చే సంగతి కాదు. డెయిరీలో ఇదే పని చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు ఎక్కువే చెబుతా, ఓపికగా చదువు.

ముందు కాయ సంగతి. రేటు పడిపోయినప్పుడల్లా బత్తాయి రైతుకు వచ్చే ఆలోచనే నీకూ వచ్చింది. గంధంవారిగూడెం మార్కెట్లో అగ్గువకు ఇచ్చే బదులు రసం తీసి సీసాల్లో నింపుదామని. ఆలోచన మంచిదే, కాయే మొండిది. బత్తాయి రసం పిండిన వెంటనే తియ్యగా ఉంటుంది. కొన్ని గంటలు ఉంచినా, వేడి తగిలినా చేదెక్కుతుంది. గింజల్లో, తొనల పొరల్లో ఉండే ఒక పదార్థం రసంలోని పులుపుతో కలిసి మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. ఆ చేదు దానిదే. వేడి ఆ పనిని తొందరపెడుతుంది. అందుకే లక్షలు పెట్టే ముందు ఒక్క పని చెయ్యి. తొక్కను, గింజను నలగనియ్యకుండా రసం తీసి వడకట్టు. సగం 85 డిగ్రీలకు కాచి సీసాలో పొయ్యి, సగం పచ్చిగానే ఫ్రిజ్‌లో పెట్టు. తెల్లారి రెండూ ఇంట్లో అందరికీ ఇచ్చి, ఏది ఏదో చెప్పకుండా తాగించు. కాచిన గ్లాసు దగ్గర ముఖాలు ముడుచుకుంటే, ఆ మిషన్ నీ తోటకు పనికిరాదు. సీతాఫలం గుజ్జుకూ ఇదే గతి, కాస్తే చేదొచ్చి గులాబీ రంగుకు తిరుగుతుంది. బాలానగర్ సీతాఫలాన్ని ఫ్రీజ్ చేసి అమ్ముతారు గానీ కాచరు.

నకిరేకల్ నిమ్మ అయితే వేరు. దాని స్క్వాష్‌కు ఈ మిషనే అక్కర్లేదు. చక్కెర పాకం కాచి చల్లార్చి, అందులో రసం కలిపి, కిలోకు 0.6 గ్రాముల కేఎంఎస్ (పాడవకుండా ఆపే పొటాషియం మెటాబైసల్ఫైట్ పొడి) వేస్తే చాలు. అంతకంటే ఎక్కువ వెయ్యకు, చట్టం ఒప్పుకోదు.

వేడి నిజంగా అవసరమయ్యేవి టమాటా గుజ్జు, కొల్లాపూర్ మామిడి గుజ్జు లాంటివి. అక్కడ వేడి కంటే ముందు చూడాల్సింది పులుపు. దాన్ని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గిన కొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉంటే బొటులినం అనే క్రిమి పెరగదు, 85-90 డిగ్రీల వేడి సరిపోతుంది. పైన ఉంటే నీళ్లు మరిగే వేడి కూడా దాని బీజాలను చంపలేదు, ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీలు కావాలి. బాగా మాగిన టమాటా ఒక్కోసారి 4.6 దాటుతుంది. లీటరు గుజ్జుకు అర టీస్పూను సిట్రిక్ యాసిడ్ కలిపి, ప్రతి గంజు పీహెచ్ మీటరుతో చూడాలి. 4.2 లోపు ఉంటే నాకు నిద్రపడుతుంది. పులుపు లేని పప్పు, చికెన్ కూర కూడా సీసాల్లో పెడదామని రాశావే, ఆ ఊసు ఇప్పుడు వద్దు. ఇంటి కుక్కర్లో చేసే పని కాదది. ఆ బొటులినం చేసే విషం వాసన, రుచి ఏమీ మారకుండానే ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు నీ మిషన్ లెక్క. గంటకు 60 లీటర్లంటే నిమిషానికి ఒక లీటరు. వేడెక్కిన సరుకు పోయే ట్యూబు లోపల సెంటీమీటరు వెడల్పు ఉంటే, మీటరు పొడుగులో 80 మిల్లీలీటర్లు పడతాయి. 6 మీటర్లంటే సుమారు అర లీటరు, అంటే అర నిమిషం. మిషన్ అమ్మే ఆయన "30 సెకన్ల హోల్డింగ్" అన్నది, అంటే సరుకు ఆ వేడిలో ఉండే సమయం, ఇదే. లెక్కలో అబద్ధం లేదు, కానీ అది సగటు. సాగర్ ఎడమ కాలువలో నీళ్లు ఒడ్డు పక్కన మెల్లగా, నడిమిట్ల జోరుగా పోతాయి కదా. ట్యూబులోనూ అంతే. చిక్కటి గుజ్జులో నడిమి ధార సగటుకు రెండింతల వేగం దాకా పోగలదు. దానికి దొరికేది 15 సెకన్లే. పలచని రసంలో ఈ తేడా తక్కువే అయినా, క్రిమి ఆ నడిమి ధారలోనే దాటిపోతుంది కాబట్టి లెక్క దానికే కట్టాలి. ట్యూబు 12 మీటర్లు అడుగు. థర్మామీటర్ హీటర్ దగ్గర కాదు, ట్యూబు చివర ఉండాలి. అక్కడ వేడి తగ్గితే సరుకు సీసాలోకి పోకుండా వెనక్కి తొట్టిలోకి మళ్లే వాల్వు కూడా ఉండాలి. మా డెయిరీలో ఆ వాల్వు పనిచెయ్యని రోజు లైను నడిపేవాళ్లం కాదు.

రేటు కాగితంలో హీటర్ 3 కిలోవాట్లని ఉంది. గంటకు 60 లీటర్లకు అది ఇచ్చేది 43 డిగ్రీల పెరుగుదలే. 30 దగ్గర మొదలైతే 73 దగ్గర ఆగిపోతుంది, మధ్యలో పోయే వేడి వేరే. 85 కావాలంటే నికరంగా 4 కిలోవాట్లు కావాలి. లేదా బయటికొచ్చే వేడి సరుకుతో లోపలికొచ్చే చల్లని సరుకును వెచ్చబెట్టే ఏర్పాటు ఉండాలి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఆయన గొంతు మారుతుంది, చూడు.

థర్మామీటర్ కొనగానే మరిగే నీళ్లలో పెట్టు. సముద్రానికి నాలుగు వందల మీటర్ల పైన ఉన్నాం, మన దగ్గర నీళ్లు 98న్నర దగ్గరే మరుగుతాయి. అది సరిగ్గా 100 చూపిస్తే డిగ్రీన్నర ఎక్కువ చెబుతోందన్నమాట.

మామూలు ప్లాస్టిక్ బాటిల్ 85కు ముడుచుకుపోతుంది, గాజే తీసుకో. నింపి మూత బిగించాక మూడు నిమిషాలు పక్కకు పడుకోబెట్టు, మూతకూ వేడి తగలాలి. తర్వాత ముందు గోరువెచ్చని నీళ్లు, ఆపైన చల్లని నీళ్లు. ఒక్కసారే చల్లనివి పోస్తే పగులుతాయి.

పాకానికి బోరు నీళ్లు వద్దు, మన బోర్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అంటారు, అది మనకు గొప్పో నామోషీయో నాకిప్పటికీ తెలియదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. పైగా ఉప్పునీళ్ల సున్నం హీటర్‌కు పొర కడుతుంది. భగీరథ నల్లా నీళ్లు వాడు.

సబ్సిడీ 35 శాతం వస్తుందని మీ బాపు సంబరపడుతున్నాడట. మిగతా 65 శాతం మనమే కట్టాలని ఆయనకు నువ్వే చెప్పు, నేను చెబితే అలుగుతాడు.

చేదు పరీక్ష ఈ వారమే చెయ్యి. మిషన్ ఆయన్ను ట్యూబు లోపలి వెడల్పు, పొడుగు, హీటర్ కిలోవాట్లు, గంటకు లీటర్లు కాగితం మీద రాసిమ్మను. రాసివ్వనంటే ఫోన్ పెట్టెయ్. రాసిస్తే నాకు పంపు, లెక్క కట్టి చెబుతా.

మీ పెద్దబాపు
నల్లగొండ